డ్రైవ్ దగ్గర పాత మీటరు ఒకటి చెబుతోంది, కొత్త ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు ఇంకొకటి. ఏది నమ్మాలి?

ఆటోనగర్_మెయింటెనెన్స్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. మూడేళ్ల అనుభవం. వారం రోజులుగా ఒక సంగతి బుర్ర తినేస్తోంది.

మా దగ్గర 10 హెచ్‌పీ మిక్సర్ మోటారు ఉంది. నాలుగు నెలల క్రితం దానికి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టారు. అప్పుడు డ్రైవ్ ఇన్‌పుట్ దగ్గర టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టించి కొలిచే మా పాత క్లాంప్ మీటరు) పెట్టి చూస్తే 11 ఆంపియర్లు వచ్చిందట. ఆ లెక్కన 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మించితే తనంతట పడిపోయే స్విచ్) వేశారు. ఎండలు ముదిరాక ఫుల్ లోడ్ మీద ముప్పావుగంట నడిస్తే చాలు, ఎంసీబీ పడిపోతోంది. కొత్తది మార్చాం, అదీ అంతే. ప్యానెల్ తెరిచి చూస్తే టెర్మినల్ దగ్గర వైరు ఇన్సులేషన్ పసుపు రంగుకు తిరిగి, గోటితో నొక్కితే పెళుసుగా విరుగుతోంది.

ఓనర్‌గారిని బతిమాలి ఒక ట్రూ ఆర్‌ఎంఎస్ మల్టీమీటరు (అల ఏ ఆకారంలో ఉన్నా, వేడి పుట్టించే అసలు విలువ చూపేది), దానికి జతగా క్లాంప్ కొనిపించాను. నిన్న పాతదీ కొత్తదీ పక్కపక్కనే పెట్టి కొలిచాను.

ఇన్‌పుట్ కరెంటు, 50 హెర్ట్జ్, ఫుల్ లోడ్: పాతది 11.1, కొత్తది 16.6
ఔట్‌పుట్ కరెంటు, అదే లోడ్: పాతది 14.9, కొత్తది 15.1
ఔట్‌పుట్ వోల్టేజీ, 25 హెర్ట్జ్, లైన్ టు లైన్: పాతది 205, కొత్తది 318

మూడో రీడింగ్ అప్పుడు డ్రైవ్ డిస్‌ప్లే మీద 207 వోల్టులు, డీసీ బస్ (డ్రైవ్ లోపల ఏసీని డీసీగా మార్చాక ఉండే వోల్టేజీ) 574 ఉంది. మొదటి రీడింగ్ చూస్తే కొత్తదే కరెక్ట్ అనిపిస్తోంది. మూడోది చూస్తే పాతదే డ్రైవ్‌తో కలుస్తోంది. "ఇంత డబ్బు పోసి కొన్నది తప్పు చూపిస్తోందా?" అని ఓనర్‌గారు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

డాబాగార్డెన్స్_స్పేర్స్ | సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, మా షాపుకి నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే కంప్లయింట్‌తో వస్తారు. డ్రైవ్ దగ్గర మీటరు ఎక్కువ చూపిస్తోంది, వాపస్ తీసుకోండి అంటారు. మీటరు బాగానే ఉంటుంది. ఎందుకు ఎక్కువ చూపిస్తుందో పూర్తిగా చెప్పే చదువు నాకు లేదు. కానీ ఒక్కటి చూడు. నీ కొత్త మీటరు మీద లో పాస్ ఫిల్టర్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీని వడకట్టేది) బటన్ ఏమైనా ఉందా? కొన్ని మోడళ్లలో పసుపు బటన్ నొక్కితే వస్తుంది. అది ఆన్ చేసి అదే 25 హెర్ట్జ్ దగ్గర మళ్లీ కొలువు.

కాలిబ్రేషన్_బెంచ్ | సోమవారం, రాత్రి 10:31

పాత క్లాంప్‌కి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా?

ఆటోనగర్_మెయింటెనెన్స్ | సోమవారం, రాత్రి 10:38

ఉందండీ. ఆరు నెలల కిందటిదే. ఎర్రర్ 1 శాతం లోపే రాశారు. అందుకే ఇన్నాళ్లూ దాని మీద అనుమానం రాలేదు.

కాలిబ్రేషన్_బెంచ్ | సోమవారం, రాత్రి 11:02

అనుకున్నాను. రోజూ ఈ పనే చేస్తాను కాబట్టి చెబుతున్నాను. ఆ సర్టిఫికెట్ అబద్ధం కాదు. మేం బెంచ్ మీద కాలిబ్రేటర్ నుంచి ఇచ్చేది 50 హెర్ట్జ్ శుద్ధమైన సైన్ వేవ్. దాని మీద మీ పాత క్లాంపూ పాసవుతుంది, కొత్తదీ పాసవుతుంది. ట్రేసబిలిటీ (కొలత ఏ ప్రమాణం నుంచి వచ్చిందో చూపే వరస) ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దాకా గొలుసు తెగకుండా ఉంటుంది. కానీ మీ డ్రైవ్ ఇన్‌పుట్‌లో పారేది సైన్ వేవ్ కాదు. ఏ ఆకారం మీద పరీక్షించామో ఆ ఆకారానికే ఆ కాగితం పూచీ.

ఇంకో మాట. ఔట్‌పుట్ కరెంటులో 14.9, 15.1 అని రాశారు. అది తేడా అనుకోకండి. క్లాంప్ స్పెసిఫికేషన్ 1.5 శాతం ప్లస్ 5 డిజిట్లు అనుకుందాం. 15.1 మీద 1.5 శాతం అంటే 0.23. చివరి అంకె 0.1 ఆంపియర్ కాబట్టి 5 డిజిట్లు అంటే 0.5. మొత్తం 0.73 ఆంపియర్లు అటూ ఇటూ ఉండవచ్చు. ఆ రెండు మీటర్లూ ఒకే మాట చెబుతున్నాయి. చాలామంది శాతం మాత్రమే చూసి డిజిట్లను వదిలేస్తారు. చిన్న రీడింగుల దగ్గర అసలు ఎర్రర్ ఆ డిజిట్లలోనే ఉంటుంది.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్ | మంగళవారం, ఉదయం 6:15

బాబూ, మంచి పని చేశావు, రెండూ పక్కపక్కన పెట్టి కొలిచావు. 34 ఏళ్లు ఇన్‌స్ట్రుమెంట్ షాపులో పనిచేశాను. మీ ఫ్యాక్టరీలో మూల పడేసిన పాత ప్యానెల్ ఉంటే దాని మీద సూది అమ్మీటరు వెతుకు. స్కేలు మొదట్లో అంకెలు ఇరుక్కుని, పోనుపోను విడివిడిగా ఉంటే అది మూవింగ్ ఐరన్ మీటరు. దాని సూదిని తిప్పే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అందుకే ఆ స్కేలు అలా ఉంటుంది. కరెంటు వంకరటింకరగా ఉన్నా ఐదో, ఏడో హార్మోనిక్ (మూల ఫ్రీక్వెన్సీకి అన్ని రెట్లున్న అల) దాకా అది దాదాపు నిజమైన ఆర్‌ఎంఎస్‌నే చూపిస్తుంది. ఆ రోజుల్లో ట్రూ ఆర్‌ఎంఎస్ అనే మాట పెట్టె మీద రాసేవారు కాదు, అంతే. సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి ఆ మీటరుని నీ ఇన్‌పుట్‌కి కలిపితే 16 చిల్లరే చూపిస్తుందని నా నమ్మకం.

ఎంసీబీలోని బైమెటల్ పట్టీ కూడా అంతే. అది వేడిని కొలుస్తుంది. వేడి ఆర్‌ఎంఎస్ వర్గంతో పెరుగుతుంది. పైగా ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల దగ్గర చెప్పినది. ఈ ఎండల్లో నీ ప్యానెల్ లోపల 50 దాటి ఉంటుంది, అక్కడ 16 ఆంపియర్ల ఎంసీబీ 16 మోయదు. ఇన్నాళ్లూ మీ దగ్గర సరిగ్గా కొలిచింది ఎంసీబీ ఒక్కటే.

మెజర్‌మెంట్స్_ల్యాబ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ఇంజనీరింగ్ కాలేజీలో మెజర్‌మెంట్స్ చెబుతాను. ఈ మూడు రీడింగులూ చూసి చాలా సంతోషమేసింది. ఎందుకంటే పాఠ్యపుస్తకంలో మూడు అధ్యాయాలు పట్టే విషయం ఒక్క మోటారు దగ్గర దొరికింది. కొంచెం ఓపిగ్గా చదవండి.

మీ పాత మీటరు ఆర్‌ఎంఎస్‌ని కొలవదు. ఏసీని రెక్టిఫై చేసి, సగటు తీసి, దాన్ని 1.11తో హెచ్చించి చూపిస్తుంది. సైన్ వేవ్‌కి సగటు పీక్‌లో 0.637, ఆర్‌ఎంఎస్ 0.707. ఆ రెండింటి నిష్పత్తే 1.11. ఆకారం సైన్ అయినంతవరకు జవాబు సరిగ్గా వస్తుంది. చతురస్రాకారం ఇస్తే అదే మీటరు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది, త్రిభుజాకారం ఇస్తే దాదాపు 4 శాతం తక్కువ.

ఇప్పుడు మీ ఇన్‌పుట్. డ్రైవ్ లోపల ఆరు డయోడ్ల బ్రిడ్జి, దాని వెనక పెద్ద కెపాసిటర్. లైన్ వోల్టేజీ కెపాసిటర్ వోల్టేజీని దాటిన ఆ కాసేపే కరెంటు పారుతుంది. అందుకని ప్రతి అర సైకిల్‌లో సన్నగా, ఎత్తుగా రెండు మూపురాలు వస్తాయి, మిగతా సమయమంతా సున్నా. సున్నాలు కలవడంతో సగటు పడిపోతుంది. ఆర్‌ఎంఎస్ అంతగా పడదు, ఎందుకంటే వర్గం చేసినప్పుడు ఎత్తైన పీక్‌లకే బరువెక్కువ. మీ పాత మీటరు అసలు విలువలో మూడింట రెండు వంతులే చూపించింది. వైరుని కాల్చింది 16.6 ఆంపియర్లే.

ఔట్‌పుట్ కరెంటు సులువు. మోటారు వైండింగ్ ఇండక్టెన్స్ పల్సులను నునుపు చేసేస్తుంది, కరెంటు దాదాపు సైన్‌లా ఉంటుంది. అందుకే రెండు మీటర్లూ ఏకీభవించాయి.

మూడోది రాత్రి రాస్తాను. క్లాసుకి వెళ్లాలి.

కంచరపాలెం_వైండింగ్ | మంగళవారం, సాయంత్రం 4:10

మేడం గారు వచ్చేలోపు నాదో డౌటు. రివైండింగ్ చేసి మోటారు బిగించాక పార్టీవాళ్లు అడుగుతారు, ఇన్‌పుట్‌లో తక్కువ కరెంటు, ఔట్‌పుట్‌లో ఎక్కువ కరెంటు, మోటారు కరెంటు మింగేస్తోంది, మీ వైండింగ్ బాగాలేదు అని. 25 హెర్ట్జ్ మీద నడిపితే ఈ తేడా ఇంకా ఎక్కువ. ఎంత చెప్పినా వినరు. దీనికి సరైన సమాధానం ఏమిటి?

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్ | మంగళవారం, సాయంత్రం 5:45

కరెంటు కాదు, పవర్ చూడమను. మోటారుకి అయస్కాంతీకరణ కరెంటు కావాలి. డ్రైవ్ లేనప్పుడు అది లైను నుంచి వచ్చేది. డ్రైవ్ పెట్టాక ఆ కరెంటు డీసీ బస్ కెపాసిటర్‌కీ మోటారుకీ మధ్యే తిరుగుతుంది, లైను దాకా రాదు. వేగం సగం చేస్తే లోడు టార్కు అంతే ఉన్నంతకాలం మోటారు కరెంటు అంతే ఉంటుంది, వోల్టేజీ సగమవుతుంది, పవర్ సగమవుతుంది. లైను నుంచి సగమే లాగుతుంది. నీ వైండింగ్ తప్పేమీ లేదు నాయనా.

మెజర్‌మెంట్స్_ల్యాబ్ | మంగళవారం, రాత్రి 9:15

ఇప్పుడు మూడో రీడింగ్. నాకు దీని మీదే ప్రేమ ఎక్కువ.

డ్రైవ్ ఔట్‌పుట్‌లో లైన్ టు లైన్ వోల్టేజీ ఏ క్షణంలోనైనా సున్నా, లేదా ప్లస్ 574, లేదా మైనస్ 574, ఇంకోటి ఉండదు. ఒక అర సైకిల్‌లో అన్నీ ప్లస్ 574 పల్సులు, తర్వాతి దాంట్లో అన్నీ మైనస్. మధ్యలో వెడల్పుగా, అంచుల్లో సన్నగా. ఆ వెడల్పులు సైన్ ప్రకారం మారుతాయి కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా సగటు తీస్తే ఆ సైన్ వేవే తిరిగి వస్తుంది. మీ పాత మీటరు చేసేదే సగటు! పల్సుల హడావుడి అంతా ఆ సగటులో మాయమై, 50 లేదా 25 హెర్ట్జ్ మూల తరంగం మాత్రమే మిగులుతుంది. దాన్ని 1.11తో హెచ్చిస్తే మూల తరంగం ఆర్‌ఎంఎస్ దొరుకుతుంది. ఇది కాకతాళీయం కాదు. లెక్క వేసి చూస్తే సిద్ధాంతం ప్రకారం ఖచ్చితంగా అంతే వస్తుంది. మంచి పవర్ ఎనలైజర్లలో పీడబ్ల్యూఎం (ఇలా పల్సుల వెడల్పు మార్చి చేసే) వోల్టేజీ కోసం మీన్ మోడ్ అని ప్రత్యేకంగా ఇచ్చేది ఇందుకే.

మీ కొత్త మీటరు పల్సులతో సహా అన్నింటినీ వర్గం చేసి కలుపుతుంది. దాని జవాబు ఎంత రావాలో మీ పాత మీటరు రీడింగ్ నుంచే చెప్పవచ్చు.

205ని 1.11తో భాగిస్తే 184.7. అది రెక్టిఫై చేసిన సగటు. దాన్ని 574తో భాగిస్తే 0.322. అంటే మొత్తం సమయంలో 32.2 శాతం సేపు పల్సు ఉంది, మిగతా సేపు సున్నా. పల్సు ఉన్నప్పుడు వర్గం 574 గుణించు 574. కాబట్టి ఆర్‌ఎంఎస్ అంటే 574 గుణించు 0.322 వర్గమూలం. వర్గమూలం 0.567. జవాబు 326 వోల్టులు.

మీకు 318 వచ్చింది. తగ్గిన 8 వోల్టుల్లో ఎక్కువ భాగం మీ మీటరు బ్యాండ్‌విడ్త్ వల్ల. క్యారియర్ (పల్సులు కొట్టే ఫ్రీక్వెన్సీ) కొన్ని కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాని గుణిజాలు ఇంకా పైన. చేతి మీటరు అంత పైకి పూర్తిగా వినలేదు.

అంటే రెండు మీటర్లూ నిజమే చెప్పాయి. మోటారు టార్కుకి, వీ బై ఎఫ్ (వోల్టేజీకీ ఫ్రీక్వెన్సీకీ నిష్పత్తి) సరిగ్గా ఉందో లేదో చూడడానికి 205 కావాలి. మీ ఓనర్‌గారికి చెప్పండి, కొత్త మీటరు తప్పు చూపించలేదు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరు, మీటరుని అడిగింది వేరు.

ఆటోనగర్_మెయింటెనెన్స్ | మంగళవారం, రాత్రి 10:50

మేడం గారూ, కాగితం మీద మూడుసార్లు వేసి చూసుకున్నాను. పాత మీటరు రీడింగ్ నుంచి కొత్త మీటరు రీడింగ్ పుట్టడం నమ్మలేకపోయాను. చాలా థాంక్స్.

డాబాగార్డెన్స్ అన్నా, బటన్ ఉంది! బుక్కులో చివరి పేజీల్లో రాశారు. ఇవాళ షిఫ్ట్ అయ్యాక ఫిల్టర్ ఆన్ చేసి అదే 25 హెర్ట్జ్ దగ్గర కొలిచాను. 206.

పరవాడ_షిఫ్ట్ | బుధవారం, ఉదయం 7:30

ఆ ఫిల్టర్ గురించి ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఫిల్టర్ ఆన్‌లో ఉంటే మీటరు వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి పైనున్నదాన్ని దాచేస్తుంది. టెర్మినల్ మీద మాత్రం ఆ వోల్టేజీ ఉంటుంది. లైన్ చచ్చిందా లేదా అని చూసేటప్పుడు ఫిల్టర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండకూడదు.

డ్రైవ్ నుంచి మోటారుకి కేబుల్ పొడుగైతే పల్సు మోటారు చివర తిరిగి కొట్టుకుని డీసీ బస్‌కి రెట్టింపు దాకా లేస్తుంది. మీ 574 అక్కడ 1,150 కావచ్చు. అందుకని వీలైనంతవరకు డ్రైవ్ టెర్మినల్స్ దగ్గరే కొలవండి. మీటరూ, ప్రోబులూ రెండూ క్యాట్ 3 (ఇలాంటి ప్యానెళ్ల దగ్గర వాడే భద్రతా శ్రేణి), 1000 వోల్టుల రేటింగ్‌వి అయి ఉండాలి. మీటరు మంచిది కొని, ప్రోబులు రోడ్డు పక్కన కొన్నవి వాడితే రేటింగ్ ప్రోబులదే లెక్క.

సప్లై కట్ చేశాక డ్రైవ్ మీద రాసినంతసేపు ఆగండి. తర్వాత డీసీ బస్‌ని డీసీ రేంజిలో కొలిచి, తగ్గిందని కళ్లారా చూశాకే చెయ్యి పెట్టండి. కొలిచే ముందు మీటరుని తెలిసిన లైవ్ పాయింట్ మీద ఒకసారి, కొలిచాక అదే పాయింట్ మీద మళ్లీ ఒకసారి చూడండి. మధ్యలో మీటరు చచ్చిపోతే అదీ సున్నానే చూపిస్తుంది.

కంచరపాలెం_వైండింగ్ | బుధవారం, ఉదయం 9:05

ఫ్యూజు గురించి కూడా చెప్పండి. మా దగ్గరికి వచ్చే మీటర్లలో సగం వాటిలో హెచ్‌ఆర్‌సీ (పెద్ద షార్ట్ కరెంటుని సురక్షితంగా తెంచే) ఫ్యూజు కాలిపోతే అదే సైజు గాజు ఫ్యూజు పెట్టేసి ఉంటుంది. ఒకదాంట్లో సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి ఉంది. ఆంపియర్ సాకెట్‌లో ప్రోబు మర్చిపోయి 415 మీద పెడితే గాజు ఫ్యూజు ఆర్పలేదు, ఆర్క్ చేతిలోనే పేలుతుంది.

ఆటోనగర్_మెయింటెనెన్స్ | బుధవారం, రాత్రి 8:20

ఆ మూపురాలు కళ్లతో చూడాలని ఉంది. ఫ్రెండ్ దగ్గర పాత రెండు ఛానెళ్ల ఆసిలోస్కోప్ ఉంది. రేపు తెచ్చి డ్రైవ్ ఇన్‌పుట్‌కీ, ఔట్‌పుట్‌కీ పెట్టి చూడవచ్చా?

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్ | బుధవారం, రాత్రి 8:34

వద్దు బాబూ. ఇది చదివేదాకా ఆ స్కోప్ ప్లగ్ పెట్టకు.

స్కోప్ ప్రోబుకి మొసలి నోరు లాంటి చిన్న క్లిప్ ఉంటుంది చూడు, అది స్కోప్ లోపల నేరుగా మెయిన్స్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెండో ఛానెల్ క్లిప్ కూడా అదే ఎర్త్. దాన్ని ఒక ఫేజుకి తగిలించావంటే ఫేజుని ఎర్త్‌కి షార్ట్ చేసినట్టే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేనే చేశాను. థైరిస్టర్ ప్యానెల్ మీద క్లిప్ పెట్టగానే పెద్ద నీలం మెరుపు. క్లిప్ కొస కరిగి చిన్న రాగి పూస మిగిలింది. కుడిచేతి బొటనవేలి పక్కన మచ్చ ఇప్పటికీ ఉంది. కొంతమంది స్కోప్ ఎర్త్ పిన్ను తీసేసి నడుపుతారు. అప్పుడు స్కోప్ బాడీ మొత్తం ఫేజు వోల్టేజీలో ఉంటుంది, ముట్టుకున్నవాడు పోతాడు.

వోల్టేజీ చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌కి కలపకుండా రెండు పాయింట్ల మధ్య వోల్టేజీ చూసేది) కావాలి, రేటింగ్ 1000 వోల్టులకి తక్కువ కాకుండా. నీకు మూపురాలు కావాలంటే వోల్టేజీ ముట్టుకోకుండానే చూడవచ్చు. బీఎన్‌సీ ఔట్‌పుట్ ఉన్న క్లాంప్ ప్రోబ్‌ని ఇన్సులేషన్ బాగున్న వైరు చుట్టూ పెట్టి స్కోప్‌కి కలుపు. క్లాంప్ దవడలకి వైరుతో విద్యుత్ సంబంధం ఉండదు.

మెజర్‌మెంట్స్_ల్యాబ్ | బుధవారం, రాత్రి 9:50

గురువుగారు చెప్పింది అక్షరాలా పాటించండి. మా ల్యాబ్‌లో విద్యార్థులకి మొదటి రోజు చెప్పే పాఠం ఇదే.

కాలిబ్రేషన్_బెంచ్ | గురువారం, ఉదయం 10:15

ఇన్‌పుట్ కొలిచేటప్పుడు క్రెస్ట్ ఫ్యాక్టర్ కూడా చూసుకోండి. పీక్‌ని ఆర్‌ఎంఎస్‌తో భాగిస్తే వచ్చేది. సైన్‌కి 1.41, మీ ఇన్‌పుట్ లాంటి వాటికి 2 దాటుతుంది. చాలా ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్లు ఫుల్ స్కేల్ దగ్గర 3 దాకా తట్టుకుంటాయని బుక్కులో రాస్తారు. రేంజి చివర్లో కొలిస్తే పీక్‌లు తెగిపోయి మళ్లీ తక్కువే చూపిస్తుంది. అనుమానం వస్తే ఒక రేంజి పైకి మార్చి చూడండి, రీడింగ్ పెరిగితే కింది రేంజి పీక్‌ని కోస్తోందని అర్థం.

కంచరపాలెం_వైండింగ్ | గురువారం, మధ్యాహ్నం 12:40

మీటర్ల మాట వచ్చింది కాబట్టి, మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) సంగతి. డ్రైవ్‌కి కలిపి ఉన్న మోటారుని మెగ్గర్ చేయకండి. 500 వోల్టుల డీసీ డ్రైవ్ లోపలికి పోతే ఐజీబీటీలు (డ్రైవ్‌లోని స్విచింగ్ ట్రాన్సిస్టర్లు) పోతాయి. డ్రైవ్ వైపు మూడు వైర్లూ విప్పాకే చేయాలి.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్ | గురువారం, సాయంత్రం 6:05

నిజం. మన విశాఖలో మెగ్గర్ రీడింగ్‌ని ఒక్క నిమిషం విలువతో తీర్పు చెప్పకూడదు. సముద్రపు గాలి, ఉప్పు తేమ. వైండింగ్ చల్లబడి పొద్దున్నే తేమ పట్టి ఉంటే ఒక రీడింగ్, మధ్యాహ్నం నడిచి ఆపాక ఇంకో రీడింగ్. పైగా 10 డిగ్రీలు వేడెక్కితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ సుమారు సగమవుతుంది, అందుకని వైండింగ్ టెంపరేచర్ రాయని రీడింగ్‌ని పోల్చలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక నీళ్లు తాగిన మోటార్లు వరసగా పెట్టి, బల్బులు వేసి ఆరబెట్టాం. రోజుకి రెండుసార్లు ఒక నిమిషం రీడింగ్, పది నిమిషాల రీడింగ్ రాసుకునేవాళ్లం. పది నిమిషాలదాన్ని ఒక నిమిషందాంతో భాగిస్తే పోలరైజేషన్ ఇండెక్స్. తడి వైండింగ్‌లో అది 1 దగ్గరే కూర్చుంటుంది. ఆరే కొద్దీ 2 వైపు పాకుతుంది. ఆ పాకడం చూసి మోటారు వదిలేవాళ్లం.

ఆటోనగర్_మెయింటెనెన్స్ | గురువారం, రాత్రి 9:25

స్కోప్ తేవడం మానేశాను. ఇప్పుడు అసలు పని. ఎంసీబీ పెద్దది వేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?

పరవాడ_షిఫ్ట్ | గురువారం, రాత్రి 10:10

ఎంసీబీ పెంచే ముందు వైరు ఆ కరెంటు మోస్తుందో చూడండి. లేకపోతే పడిపోవడం మానేస్తుంది, వైరు కాలుతుంది. అసలు మందు లైన్ చోక్ (కరెంటు ఎగుడుదిగుళ్లను అణచే కాయిల్). 3 శాతం ఇంపెడెన్స్ చోక్ డ్రైవ్ ముందు పెడితే ఆ సన్నటి మూపురాలు వెడల్పై పొట్టివవుతాయి. పవర్ అదే, ఆర్‌ఎంఎస్ కరెంటు తగ్గుతుంది. డ్రైవ్ లోపలి కెపాసిటర్‌కీ ఆయుష్షు.

ఆటోనగర్_మెయింటెనెన్స్ | తర్వాతి బుధవారం, రాత్రి 8:45

చోక్ తెప్పించి నిన్న బిగించాం. ఇన్‌పుట్ వైరు 4 స్క్వేర్ ఎంఎంకి మార్చి, ఎంసీబీ 20 ఆంపియర్లు వేశాం. అదే లోడు, 50 హెర్ట్జ్:

కొత్త క్లాంప్ 13.4, పాత క్లాంప్ 12.1.

16.6 నుంచి 13.4. ఇవాళ మధ్యాహ్నం నాలుగు గంటలు ఆపకుండా నడిపాం, ఎంసీబీ పడలేదు. మీటర్ల మధ్య తేడా కూడా తగ్గింది, ఇది ఊహించలేదు.

మెజర్‌మెంట్స్_ల్యాబ్ | తర్వాతి బుధవారం, రాత్రి 9:30

మీ 12.1ని 13.4తో భాగిస్తే సుమారు 0.9. చోక్ పెట్టాక కరెంటు 120 డిగ్రీల వెడల్పు దిమ్మెకి దగ్గరగా మారుతుంది. అలాంటి దిమ్మెకి సగటు మీటరు చూపించేది అసలు ఆర్‌ఎంఎస్‌లో 0.907 వంతు. మీ రీడింగుల నిష్పత్తి 0.903. స్కోప్ లేకుండానే ఆకారం చూసేశారు! మీరు ఒప్పుకుంటే ఈ రీడింగులు ఈ సెమిస్టర్ ల్యాబ్ షీట్‌లో పెడతాను, యూనిట్ పేరు రాయను.

ఆటోనగర్_మెయింటెనెన్స్ | తర్వాతి బుధవారం, రాత్రి 9:36

తప్పకుండా పెట్టండి మేడం.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్ | తర్వాతి గురువారం, ఉదయం 6:10

బాబూ, టెర్మినల్ స్క్రూలు వేడెక్కి చల్లారి వదులై ఉంటాయి. బిగించావా? లగ్‌లు కొత్తవేనా?

ఆటోనగర్_మెయింటెనెన్స్ | తర్వాతి గురువారం, ఉదయం 7:50

కొత్త లగ్‌లే క్రింప్ చేశాం గురువుగారూ. రెండో ఫేజు స్క్రూ నిజంగానే ముప్పావు చుట్టు తిరిగింది. శనివారం మెషీన్ ఆపినప్పుడు మళ్లీ బిగించి చూస్తాను.